గాలి బెజ్జాలకు పెట్టిన బొట్టు

మొన్న గ్యాసు బండాయన వంటింట్లో కొత్త సిలిండరు పెట్టి, పైపు బిగించి, గిన్నెలో సబ్బు నురుగు అడిగినాడు. నురుగు వేలితో తీసి పైపు మొదట్లో పూసి, గొంతుక్కూర్చుని కాసేపు దాని వైపే చూసినాడు. బుడగలు రాలేదు. "లీకేమీ లేదజ్జీ. ఎప్పుడన్నా అనుమానం వస్తే నువ్వు మాత్రం ఏమీ చేయొద్దు, నాకు ఫోన్ చేయి" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. నవ్వేదానికి ఏముందో తెలియక ఆయన మా కోడలి వైపు చూసినాడు. కోడలికీ తెలియదు. ఒకప్పుడు నేను లీకు అనుకొని ఒకటి మూసేసినాను. మూసిన దాని వల్ల మా ఆయన కమ్మరిగా మిగులుతాడా, గేటు కాడ కాపలా కూర్చుంటాడా అనేది మూడు దినాలు ఊగులాడింది. అది తెలిసింది నాకు, మా మరిదికి మాత్రమే. మా ఆయనకు ఈ రోజుకీ తెలియదు. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటినాక, మడకశిర వైపు నుంచి వచ్చిన ఈ కోడలి దగ్గరే. మా ఆయన నేర్చుకోలేదు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తాండాను.

మాది వల్లూరు. కమ్మరోళ్లం. పెండ్లయి వచ్చిన మరుసటి వారమే మా అత్త నన్ను కొలిమి కాడికి పిలుచుకొని పోయి తిత్తి చూపించింది. పొయ్యి తరువాత చూడొచ్చు, ముందు దీన్ని చూడు అనింది. తిత్తి అంటే తోలు సంచి. దాన్ని లాగి వదిలితే గాలి కొలిమిలోకి పోయి బొగ్గులు రాజుకుంటాయి. తోలు ఎండకు ఎండి, సెగకు పగిలి, దినానికొక చోట బెజ్జం పడతాది. పొద్దున్నే లేచి, దానికి చెవి పెట్టి, యాడ బుస్సుమంటాదో కనుక్కొని, పుట్టమన్నులో పాతగుడ్డ పీచు కలిపి పిసికి అదిమేయల్ల. ఆనాక పసుపు రాసి కుంకుమ పెట్టల్ల. ఇది మా ఇంట్లో ఆడోళ్ల పని. ఒక్క బెజ్జం వదిలేస్తే గాలి దండగ, బొగ్గు దండగ. మా అత్త నోరు మాత్రం దండగ కాదు, అది సాయంత్రం దాకా పనిచేస్తానే ఉంటాది. ముప్పై ఏళ్ల పైన అదే పని చేసినాను. గాలి కారే చోటు యాడుందో కండ్లు మూసుకొని చెప్పగలను. గొప్పకు చెప్పడం లేదు. తరువాత జరిగినదానికి ఇదే కారణం కాబట్టి చెప్తాండాను.

పొద్దున తిత్తి, పగలు సమ్మెట. ఇనుము కాలేదాకా తిత్తి లాగేదీ నేనే. మా ఆయన ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో పట్టి దాగలి దిమ్మె మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక చోట టక్కుమనిపిస్తాడు. అదే చోట నేను సమ్మెట ఎత్తి వేయల్ల. కొట్టినంత సేపూ మాట ఉండదు. కొట్టడం అయిపోయినాక కూడా పెద్దగా ఉండదు. నా వంట గురించి గాని, నా గురించి గాని ఆయన నోట ఒక మంచి మాట వచ్చినట్టు నాకు జ్ఞాపకం లేదు. చెడ్డ మాటా లేదు, అది కూడా చెప్పల్ల.

ఆనాక సోలార్ ప్లేట్లు వచ్చినాయి. శనక్కాయ పండే చేన్లన్నీ లీజుకు పోయినాయి. గొర్రు సాపు చేయమని, గుంటకకు పదును పెట్టమని వచ్చేటోళ్లు ఒక్కొక్కరే రావడం మానుకున్నారు. వాళ్లను తప్పు పట్టను, ప్లేట్ల కింద గొర్రు తోలేదెట్లా. బొగ్గు కాల్చేటోళ్లు కూడా ప్లేట్లు తుడిచే పనికి పోయినారు. అదే సమయానికి నా కుడి భుజం పట్టేసింది. పావగడ డాక్టరు చేయి తలపైకి ఎత్తొద్దన్నాడు. బొగ్గు లేదు, తిత్తి లాగేటోళ్లు లేరు, సమ్మెట వేసేటోళ్లు లేరు. ఒక దినం ప్లాంటు కాంట్రాక్టరు మనిషి వచ్చి, గేటు కాడ సెక్యూరిటీ పని ఉండాది, పై నెల మొదటి సోమవారం జీపు వస్తాది, ఎక్కితే ఎక్కు, లేకుంటే ఇంకొకరిని చూసుకుంటాం అని చెప్పి ఒక నీలం చొక్కా, టోపీ ఇచ్చిపోయినాడు. మా ఆయన ఆ టోపీని దాగలి మీద పెట్టి చాలాసేపు చూసినాడు. తలకు మాత్రం పెట్టుకోలేదు.

మా మరిదికి పావగడలో వెల్డింగు షెడ్డు ఉండాది. టోపీ చూసి ఆయనకు రోషం వచ్చింది. "గేటు తెరిచి మూసేదానికా నాయన నీకు సుత్తి పట్టడం నేర్పించింది? నేను గ్యాసు కొలిమి కట్టిస్తా, చిన్న కత్తులు చేసుకోన్నా. మటన్ అంగళ్లోళ్లు మంచి కత్తి దొరక్క తిరుగుతాండారు. చిన్న కత్తికి సమ్మెట కూడా అక్కరలేదు" అన్నాడు.

"తిత్తి యాడుంటాది?" అన్నాడు మా ఆయన.

"తిత్తి ఉండదు. గ్యాసు పోయే ఊపుకే గాలి లోపలికి పోతాది."

"ఎవరు లాగుతారు?"

"ఎవరూ లాగరన్నా. అదే లాక్కుంటాది."

మా ఆయన నా వైపు చూసినాడు. నేను గిన్నెలు తోముతాంటిని. నాకూ అర్థం కాలేదు. లాగేటోళ్లు లేకుండా లాక్కునేదాన్ని నేను యాడా చూసిండలేదు.

మరిది తన షెడ్లోనే కట్టినాడు. మూరెడు పొడుగు లావుపాటి ఇనుప గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి కాళ్లు అతికించినాడు. లోపల చుట్టూ వేడి తట్టుకునే తెల్లటి దూది కంబళి పరిచి, దాని మీద మంటకు పగలని సిమెంటు మెత్తినాడు. మెత్తేటప్పుడు నేనూ చేయి వేసినాను, ఆ పని నాకు కొత్త కాదు గదా. గొట్టం పై నుంచి లోపలికి ఒక ఇంచు పైపు దింపినాడు. ఆ పైపు వెనక కొసన ఇత్తడి ముక్క, దాంట్లో సూదిమొన పట్టేంత బెజ్జం, దాంట్లో నుంచి గ్యాసు చిమ్ముతాది. ఆ ముక్క పక్కనే పైపుకు చుట్టూ నాలుగు పెద్ద బెజ్జాలు వేసినాడు. అవి ఎందుకో మా ఆయనకు చెప్పినాడంట. నేనప్పుడు టీ తెచ్చేదానికి పోయింటిని. మగోళ్లు ముఖ్యమైన సంగతులన్నీ మనం టీకి పోయినప్పుడే మాట్లాడుకుంటారు. మా ఆయన తల ఊపింటాడు గాని, వినింటాడని నేను నమ్మను.

షెడ్లో వెలిగిస్తే మంట నీలంగా బుర్రుమంటా వచ్చింది. లారీ కమాను పట్టీ ముక్క లోపల పెడితే, తెచ్చిన టీ తాగేలోపల నారింజపండు రంగుకు తిరిగింది. "బాగుండాది రా" అన్నాడు మా ఆయన. ఆయన నోట అంత మాట రావడం చూసి మరిది వెల్డింగు అద్దాలు తీసి మళ్లీ చూసినాడు. గురువారం ఆటోలో వేసుకొని వచ్చి మా పాత కొలిమి పందిట్లో పెట్టి, ఆయన తన పనికి ఆయన పోయినాడు. జీపు వచ్చేది ఆ సోమవారమే.

శుక్రవారం పొద్దున్నే లేచి స్నానం చేసి పందిట్లోకి పోయినాను. కొత్త కొలిమికి మొదటి దినం. చేతులు అలవాటు ప్రకారం బెజ్జాలు వెతికినాయి. వెనక నాలుగు కనబడినాయి, వేలు దూరేంతవి. వెల్డింగు చేసేటోనికి కొలిమి సంగతి ఏం తెలుసు, గాలంతా వెనక్కే కారిపోతాది అనుకుంటి. పుట్టమన్ను, గుడ్డపీచు కలిపి నాలుగూ గట్టిగా అదిమి, నున్నగా తడిమి, పసుపు రాసి నాలుగు బొట్లు పెడితి. చూడ్డానికి ముచ్చటగా ఉండె. బొట్టు పెట్టినదాన్ని మా ఇంట్లో ఎవరూ గోకి చూడరు.

మా ఆయన వెలిగించినాడు. పసుపు మంట సోమరిగా కొలిమి నోట్లో నుంచి బయటికి వచ్చి, పందిరి కొయ్యకు మసి పూసింది. పట్టీని ఎంతసేపు పెట్టినా నల్లెరుపు దాటదు. ఆ అరవేడి మీదే కొట్టి కత్తి ఆకారం తెచ్చి, నూనెలో ముంచి పాను పెట్టినాడు. పాను పెట్టడమంటే ఇనుమును గట్టిపరచడం. గట్టిపడలేదు. రాయికి ఆనించి నొక్కితే వంగి, అట్లే వంకరగా నిలబడిపోయింది. మరిదికి ఫోన్ చేస్తే రెగ్యులేటరు తిప్పమన్నాడు. ఎక్కువ తిప్పితే పసుపు ఎక్కువయింది, తక్కువ తిప్పితే మంట ఆరిపోయింది. ఇత్తడి ముక్క ఊడదీసి సూదితో పొడిచినాడు. కొలిమిని తూర్పుకు తిప్పినాడు, ఆనాక పడమరకు తిప్పినాడు. పాత కొలిమిలో రంగు చూసి వేడి చెప్పే మనిషి, ఈ మంటలో ఏ రంగు ఇనుముదో ఏ రంగు మంటదో తెలియక కండ్లు నులుముకుంటా నిలబడినాడు. చేను లీజుకిచ్చి పొద్దుపోక వచ్చి కూర్చునే పక్కింటి రెడ్డి, "ఏమప్పా, కత్తులు చేస్తాండావా, కాటుక చేస్తాండావా?" అని అడిగినాడు. నాకు కూడా తల దిమ్మెక్కింది. గాలి ఒక్క చుక్క కారకుండా మూసినాను, ఇంకా ఏం తక్కువైందబ్బా అని.

శనివారం మధ్యాహ్నానికి ఇంకో రెండు పట్టీలు పాడైనాయి. మా ఆయన గ్యాసు కట్టేసి దాగలి పక్కన కూర్చున్నాడు. ముఖమంతా మసి. నా వైపు చూడకుండా, కొలిమితో చెప్పినట్టు చెప్పినాడు. "నువ్వు తిత్తి లాగితే మంట చూడకుండానే నాకు తెలిసేది. నువ్వుంటేనే పని. ఇది నాకు రాదులే."

నీళ్ల చెంబు ఆయన పక్కన పెట్టి లోపలికి వచ్చేసినాను. లోపలికి ఎందుకు వచ్చినానో తెలియక మళ్లీ బయటికి పోయినాను.

ఆ సాయంత్రమే మరిది నాకు ఫోన్ చేసినాడు. "వదినా, అన్న ఫోన్ ఎత్తడం లేదు. వెనక గాలి బెజ్జాలు నాలుగున్నాయి చూడు, గాలి లోపలికి పోయేది వాట్లో నుంచే. ఏమన్నా అడ్డం పడిందేమో చూస్తావా? సాలీడు గూడు కట్టినా చాలు, మంట పసుపయిపోతాది."

"చూస్తాలేప్పా" అని పెట్టేసినాను. చూసేదానికి ఏముంది. నాలుగు బొట్లూ నన్నే చూస్తాండాయి.

వెంటనే మన్ను తీసేయొచ్చు గదా అని మీరు అడుగుతారు. నేనూ అడుగుతాండాను. బొట్టు పెట్టింది చెరపకూడదనా? తప్పు నాదని తెలిస్తే ఏమంటాడో అనే భయమా? ఆయన ఏమీ అనడు, అది నాకు తెలుసు. మంట సరిగ్గా వస్తే నా పని ఇంక యాడా ఉండదు, మధ్యాహ్నం నువ్వుంటేనే పని అన్న మనిషికి సాయంత్రానికి ఆ మాట అక్కర ఉండదు. అదా? తీయకుంటే ఆయన గేటు కాడికి పోతాడు, అదీ తెలుసు. రెండూ తెలిసి ఊరికే ఉంటి. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసినాను.

ఆదివారం పొద్దున ఆయన నీలం చొక్కా ఉతికి తీగ మీద ఆరేసినాడు. నా చేతికి ఇవ్వకుండా తానే ఉతికినాడు. ఆ చొక్కా చేతులు గాలికి అటూ ఇటూ ఊగుతాండాయి. మధ్యాహ్నం ఆయన ముద్ద తినేదానికి కూర్చున్నప్పుడు, నేను పిన్నీసు తీసుకొని పందిట్లోకి పోయి, నాలుగు బెజ్జాల్లోని మన్ను పెళ్లలు పెళ్లలుగా తవ్వి కొంగులో పోసుకున్నాను. తిని వచ్చి, ఇదే కడసారి అని గొణుక్కుంటా రెగ్యులేటరు పావు చుట్టు తిప్పి వెలిగించినాడు. మంట నీలంగా బుర్రుమనింది. ఆయన ఒక అడుగు వెనక్కి పడినాడు.

సాయంత్రానికి కత్తి అయింది. పాను పెట్టినాక ఆకురాయితో రుద్దితే, ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది, ఇనుము అంత గట్టిపడింది. ఆయన మూడుసార్లు రుద్ది చూసినాడు, మూడుసార్లూ జారింది. సోమవారం జీపు వస్తే, మడిచిన చొక్కా, టోపీ ఇచ్చేసి, "టోపీ నాకు బిగువప్పా, వేరే తల చూసుకోండి" అన్నాడు. మంగళవారం మరిది వచ్చి పైపు వెనక వేలు పెట్టి, వేలికంటిన కుంకుమ చూసుకొని, నా వైపు చూసినాడు. "వదినా, బొట్టు బాగా పెట్టినావే" అన్నాడు. "ఇంక పెట్టనులేప్పా" అంటి. ఆయన మంచోడు, అంతటితో వదిలేసినాడు.

రెగ్యులేటరు పావు చుట్టు తిప్పడం వల్లే అంతా సరిపోయిందని మా ఆయన నమ్మకం. ఆ చోట ఎర్ర పెయింటుతో గీత గీసి, ఎవరినీ ముట్టనీయడు. కత్తులు కొనేటోళ్లకు ఆ గీత చూపించి, ట్యూనింగు అంతా చేతివాటంలో ఉంటాదప్పా అని చెప్తాడు. పోనీ. నేను టీ తీసుకపోతే ఆ బుర్రు మధ్యలో ఆయనకు వినబడదు, గ్లాసు దాగలి పక్కన పెట్టి వచ్చేస్తాను. ఆ శనివారం మాట ఆయనకు జ్ఞాపకం ఉందో లేదో అడగలేదు. ముప్పై ఏళ్ల తిత్తి పని ఇప్పుడు తలుచుకుంటే ఒక దినం మాదిరి అయిపోతాది. ఆ శనివారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా ఉన్న ఆ రాత్రీ, ఆ పూటా మాత్రం, ఇన్నేండ్లయినా నాకు ఇంకా గడవలేదు.