పురుగు ముట్టని జొన్నాకు

జొన్నరొట్టె చేయడం నాకు రాదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని, అన్నం తప్ప ఇంకేది తిన్నా భోజనం చేసినట్టు ఉండని ఇంట్లో పెరిగాను. అయినా ఆఫీసులో అందరికీ చిరుధాన్యాల పిచ్చి పట్టినప్పుడు నాకూ పట్టింది. పెద్ద సంచి నిండా జొన్నలు తెచ్చాను. కొన్ని మర పట్టించి మూడు రొట్టెలు చేశాను. మూడూ పెనం మీదే ముక్కలయ్యాయి, నాకు ఒళ్ళు మండింది. మిగిలిన సంచి మూలకు చేరింది, సంచిలోకి ముక్కపురుగు చేరింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అదే కోపంతో దాన్ని మోసుకెళ్ళి మా అపార్ట్‌మెంట్ వెనకున్న ఖాళీ స్థలంలో గుమ్మరించేశాను. గచ్చిబౌలిలో ఇంకా ఏ బిల్డరూ ముట్టని స్థలం అదొక్కటే అనుకుంటాను.

తొలకరి పడగానే అవన్నీ మొలిచాయి. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. మూడు వారాలు చుక్క లేదు. నేను పక్కనే ముచ్చటపడి నాటిన వంగ, బెండ మొక్కల ఆకులు పురుగులు తిని జల్లెడలయ్యాయి. నీళ్ళు లేక కొంచెం వాడినా, మోకాలెత్తు జొన్న మాత్రం ముదురాకుపచ్చగా నిలబడింది. ఆకు మీద ఒక్క గాటు లేదు.

ఒక సాయంత్రం పనిగట్టుకుని కూర్చుని చూశాను. ఒక మిడత ఎగిరి జొన్నాకు మీద వాలింది. అంచు దగ్గర ఒక్కసారి కొరికింది. ఆగింది. నోరు అటూ ఇటూ ఆడించింది. చటుక్కున ఎగిరి గరికలోకి పోయి అక్కడ నింపాదిగా మేయడం మొదలుపెట్టింది. ఇంకొకటి వచ్చి అదే పని చేసింది. అబ్బ, ఎంత ఆరోగ్యమైన మొక్క అనుకున్నాను! వెంటనే ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. ‘మందు చుక్క వేయలేదు, పురుగు కూడా ముట్టలేదు’ అని కింద రాశాను. లైకుల మీద లైకులు. నా గొప్ప చూసుకుని నేనే మురిసిపోయాను.

మా వీధి చివర రేకుల షెడ్డులో ఒక అవ్వ ఉండేది. ఈ అద్దాల భవనాలు లేవకముందు ఇక్కడున్న ఊరి మనిషి. పొలం పోయింది, భర్త పోయాడు. ఆమెకు మిగిలింది ఒక గేదె. దాని పాలే మా ఫ్లాట్లలో పోసి బతికేది. దానితో మాట్లాడినంత మాట ఆమె మనుషులతో మాట్లాడగా నేను చూడలేదు. ఎండిన గడ్డి వేసినప్పుడల్లా ‘జర ఓపిక పట్టు తల్లీ, వాన పడ్తది’ అని దాని మెడ నిమిరేది.

నేను ఆఫీసు క్యాబ్ ఎక్కేది ఆ షెడ్డు దగ్గరే. ఒకరోజు పొద్దున్నే నాకు జాలి పుట్టుకొచ్చింది. మందు లేని పచ్చగడ్డి నా దగ్గర అంతుంటే ఈ మూగజీవానికి ఎండుగడ్డేమిటి అనిపించింది. వంటింటి కత్తి తీసుకెళ్ళి రెండు చేతుల నిండా జొన్న కోసుకొచ్చి దాని ముందు వేశాను. అవ్వ పాలు పోయడానికి ఎదుటి ఫ్లాట్ల పైకెళ్ళింది. గేదె ఆవురావురుమని తింది. పుణ్యం చేసినట్టు చేతులు దులుపుకుని క్యాబ్ కోసం నిలబడ్డాను.

పావుగంట కూడా కాలేదు. గేదె ఒగర్చడం మొదలుపెట్టింది. నోటి నుంచి నురగ వచ్చింది. కాళ్ళు వణికాయి, తూలింది, ధబ్బున కూలిపోయింది. అప్పుడే మెట్లు దిగి వస్తున్న అవ్వ చేతిలోని క్యాను పారేసి పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందే తల్లీ! అయ్యో, పాము గిట్ల ముట్టిందా ఏంది!” అని దాని కాళ్ళు తడమసాగింది.

నా క్యాబ్ వచ్చి ఆగింది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం ఎక్కేద్దామనిపించింది. నేను గడ్డి వేయడం ఎవరూ చూడలేదు. పాము అనే అనుకుంటారు, నా పేరు రాదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇవాళ్టికీ నా మీద నాకు అసహ్యమే.

“అవ్వా, నేను ఆకు పెట్టాను,” అన్నాను. క్యాబ్‌ను పొమ్మని చెయ్యి ఊపాను.

“ఏం ఆకు?”

నేల మీద మిగిలిన రెండు పోచలు చూపించాను. ఆమె చూసింది, వాసన కూడా చూడలేదు.

“లేత జొన్న! నాము తగిలిందే దీనికి! యాడిది గీ ఆకు? వానల్లేక వాడిన జొన్న పెడ్తరా ఎవరన్న?”

“పురుగు కూడా ముట్టలేదు అవ్వా, మంచిదనుకుని...”

“పురుగు ముట్టని ఆకును బర్రెకు పెడ్తవా! మిడతకున్న తెలివి లేకపాయె నీకు! గట్ల నిలవడకు, దవాఖానకు ఫోన్ కొట్టు. జొన్న నామని చెప్పు!”

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఏమిటో ఆ నిమిషంలో తెలిసింది. పశువుల దవాఖానకు ఫోన్ చేస్తూ నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. అవ్వ గేదె తలను ఒళ్ళోకి ఎత్తుకుని కూర్చుంది. దాని ఊపిరి కొలిమితిత్తిలా ఆడుతోంది. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చదివాను. డాక్టరమ్మ స్కూటర్ శబ్దం వినపడేదాకా అవ్వ దాని మెడ నిమురుతూనే ఉంది.

డాక్టరమ్మ వయసులో చిన్నది. వచ్చీ రాగానే కనురెప్ప తిప్పి చూసింది, మెడ నరానికి ఒకదాని తర్వాత ఒకటి మందులెక్కించింది. “జొన్న అని ముందే చెప్పారు కాబట్టి మందు పట్టుకొచ్చాను మేడం. పాముకాటు అనుకుని వచ్చి ఉంటే దక్కేది కాదు,” అంది. అరగంటకు ఒగర్పు తగ్గింది. ఇంకాసేపటికి గేదె తల ఎత్తింది. ముందుకాళ్ళ మీద లేచింది, మళ్ళీ కూలబడింది, మళ్ళీ లేచింది. బతికాంరా దేవుడా అనుకుని నేను అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చేశాను.

అది కుదురుకునేదాకా డాక్టరమ్మ అక్కడే ఉండి నాకు సంగతి చెప్పింది. జొన్నాకులో రెండు సరుకులు విడివిడి అరల్లో ఉంటాయట. ఆకు జోలికి ఎవరూ పోనంతకాలం దేని అర దానిదే. నోరు పడి ఆకు నలిగిందా, రెండూ కలిసి సైనైడ్ పుడుతుంది, అవ్వ నాము అన్నది ఆ విషాన్నే. పసుపు పసుపే, సున్నం సున్నమే, కలిపితే ఎర్రనీళ్ళు అయినట్టు. మిడత ఒక్క కొరుకుకే ఆ చేదు పసిగట్టి పోతుంది. ఆకలి మీదున్న గేదె ఒక్క కొరుకుతో ఆగదు. మొక్క ఎంత లేతదైతే విషం అంత ఎక్కువ, నీళ్ళు దొరక్కపోతే ఇంకా ఎక్కువ. వింటుంటే భయం వేసింది, వెనకాలే ఆశ్చర్యం వేసింది. పారిపోవడానికి కాళ్ళు లేని మొక్క, విషం పోసుకుని తనే చావకుండా, కొరికినవాడి నోట్లోనే దాన్ని తయారు చేస్తోంది! అంత జాగ్రత్త నాకెక్కడిది?

ఆ తర్వాత నాకు ఆకులు చూసే జబ్బు పట్టుకుంది. ఆఫీసు గోడ పక్కన జిల్లేడు దగ్గర ఆగి చూస్తే, చారల గొంగళి ఒకటి తినే ముందు ఆకు ఈనెను కొరికి పాలన్నీ కారిపోనిచ్చింది, అప్పుడు అవతలి భాగం తింది. కోట కట్టినదాన్ని మెచ్చుకోవాలో, కన్నం వేసినదాన్ని మెచ్చుకోవాలో తెలియక మీటింగుకు ఆలస్యమయ్యాను. పోపులో మనం మురిసిపోయే కరివేపాకు వాసన కూడా పురుగుల్ని తోలడానికి చెట్టు చేసుకున్నదేనట. మన కోసం కాదు, చాల్లే సంబడం.

గేదె లేచిన మర్నాడే జొన్నంతా పీకేద్దామని వెళ్ళాను. అవ్వ చూసి అడ్డం వచ్చింది.

“ఎందుకు పీకుతవ్? దాని తప్పేమున్నది? పిల్లప్పుడు దాని దిక్కు జూసేటోళ్ళు లేరు, గందుకే గంత ఇసం. కంకి ఎయ్యని. అప్పుడు నేనే కోస్త.”

నేను వదిలేశాను. వానలు తిరిగి పట్టాయి. జొన్న నా తలను దాటింది, కంకులు వేసింది, గింజ గట్టిపడింది. ఇన్నాళ్ళూ గేదె మాత్రం నన్ను చూస్తే చాలు తాడు బిగిసేదాకా వెనక్కి పోయేది. నేను క్యాబ్ కోసం వీధి అవతల నిలబడటం అలవాటు చేసుకున్నాను.

ఒక శనివారం అవ్వ కొడవలి పట్టుకుని వచ్చింది. జొన్న కోసి మోపు కట్టింది. నన్ను కేకేసి, షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళి ఒక దంటు నా చేతిలో పెట్టింది.

“నువ్వే పెట్టు.”

“వద్దవ్వా. నా వల్ల కాదు.”

“ఏం గాదు బిడ్డా, ఇసం పోయింది,” అని ఇంకొక దంటు తీసుకుని, పళ్ళతో పెచ్చు ఒలిచి, చెరుకులా నమిలి నాకు చూపించింది. “నిన్ను జూసి అది గిట్ల బెదురుతుంటె నాకు మంచిగనిపిస్తలేదు.”

చెయ్యి చాచాను. గేదె వెనక్కి జరిగింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చెయ్యి దించబోయాను. అవ్వ కింది నుంచి నా మోచెయ్యి పట్టుకుని అలాగే నిలబెట్టింది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. చివరికి గేదె ఒక అడుగు వేసింది, వాసన చూసింది, ఆ దంటును నా చేతిలోంచి లాక్కుంది. కరకరా నములుతుంటే నేను దాని నోటినే చూస్తూ ఊపిరి బిగబట్టాను.

అవ్వ నా మోచెయ్యి వదిలింది.

“ఇంకోటియ్యి,” అంది.