నీటి బొట్ల క్షేమసమాచారం

ఆ రోజుల్లో బెంగళూరులో కంప్యూటర్ అంటే, దాని దగ్గరికి మనమే వెళ్ళి, మన వంతు వచ్చేదాకా వినయంగా నిలబడవలసిన వస్తువు. మా పరిశోధనశాలలో సూపర్ కంప్యూటర్ ఉన్న చల్లటి గదిలోకి నేను చెప్పులు విప్పి వెళ్ళేవాణ్ణి (అది అక్కడి నియమం, లేకపోయినా విప్పేవాణ్ణే). వరసగా నిలబెట్టిన అంకెలన్నిటి మీదా ఒకే లెక్కను ఆగకుండా చేసుకుపోవడం దాని గొప్పతనం. ఉద్యోగంలో కొత్తగా చేరిన నాకు ఒక మేఘాన్ని అప్పగించారు. అందులోని నీటి బొట్లు ఒకదానితో ఒకటి కలిసి వానగా ఎలా మారతాయో ప్రోగ్రాం రాసి చూపాలి. నెలకు ఒక్కసారి, రెండు గంటల వంతు. ఈసారీ పూర్తి కాకపోతే మేఘాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తానని మా పెద్దాయన (శాఖాధిపతిని అలాగే పిలిచేవాళ్ళం) మర్యాదగానే చెప్పారు.

చిన్నప్పటి నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. లేచిన వేళ, తిన్న కూర సహా. ఆ బుద్ధే ప్రోగ్రాంలోకీ పాకింది. ప్రతి అడుగులోనూ ప్రతి బొట్టునూ ఆపి, ఎక్కడుందో, సరిగా ఉందో లేదో చూసి, ఫైల్లో రాసుకున్నాకే తర్వాతి బొట్టు దగ్గరికి వెళ్ళమని రాశాను. నా వంతులో గంట గడిచింది. పదోవంతు పని కూడా కాలేదు. ప్రోగ్రాం కాగితాలు పట్టుకుని సాయం కోసం లేచాను.

యంత్రాన్ని చూసుకునే ఆవిడ ఆ ఊరి కాటన్‌పేటలోనే పుట్టి పెరిగిన తెలుగావిడ, మా అందరికీ అక్క. నా ప్రోగ్రాం కాగితాలు తిరగేస్తూ, నవ్వకుండా ఉండడానికి పాపం చాలా కష్టపడింది.

"ఏమప్పా, అది పరుగెత్తల్లని చూస్తా ఉండాది, నువ్వే వెనక్కి లాగుతా ఉండావు. మా వీధిలో లారీ నుంచి మూటలు దించేది చూసినావా? వరసగా నిలబడుకొని చేతులు మారుస్తా పోతారు. నడుమ నువ్వు దూరి, ఒక్కో మూటనీ ఆపి బాగుండావా అని అడిగితే ఎట్లప్పా?"

"ఒక్క బొట్టు తప్పిపోయినా ఎలా అక్కా?"

"చివర్లో నీళ్ళంతా కలిపి ఒక్కసారి చూసుకో. సరిపోతే అన్నీ ఇల్లు చేరినట్లే."

నా పరామర్శలన్నిటినీ ఆవిడే పెన్సిల్‌తో కొట్టేసింది. మళ్ళీ మొదలుపెట్టాం. అరగంటకే మేఘం మొత్తం కురిసి ముగిసింది. నీళ్ళు చివరి అంకె దాకా సరిపోయాయి. ఆ యంత్రానికీ, దాని మనసెరిగిన అక్కకూ మనసులోనే దండం పెట్టుకున్నాను. మేఘం నాకే మిగిలింది.

అయినా ఆ సాయంత్రం నాది పూర్తి సంతోషం కాదని ఒప్పుకోవాలి. అన్ని లక్షల బొట్లూ నేను పలకరించకపోయినా క్షేమంగా చేరాయే అని కాస్త చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు కిటికీ అవతల వాన పడుతుంటే కుర్రాడిగా ఉన్న నన్ను తలచుకుని నవ్వుకుంటాను. ఏ బొట్టునూ ఏమీ అడగకుండా, కాసేపు ఊరికే చూస్తూ కూర్చుంటాను.