ముందుగాల నువ్వు తిను

మా ఇంట్ల అన్నం పెట్టంగనే మా ఆయన తినడు. పళ్లెం నా దిక్కు జరుపుతడు. "ముందుగాల నువ్వు తిను" అంటడు. ఆయన సూస్తుంటే నేను ఒక బుక్క కలిపి మింగుత. అప్పుడు పళ్లెం ఆయన దిక్కు పోతది. ఇంటికి వచ్చినోళ్లు సూసి, "అబ్బో, మనుమలను ఎత్తుకునే వయసుల గింత ప్రేమనా" అని ఆట పట్టిస్తరు. నేను సుత వాళ్లతోని నవ్వి, ఏదో పనున్నట్టు పొయ్యికాడికి పోత.

అది ప్రేమ గాదు. ఏందో చెప్త. చదువు నాకు నాలుగో తరగతి కాడనే ఆగింది గని యాది మాత్రం గట్టిది. మరిచిపోవాలని మొక్కుకున్నయే ఇంకింత గట్టిగ నిలుస్తయి.

మేము కరీంనగర్ దిక్కునుంచి సూరత్‌కు వచ్చి లింబాయత్‌ల ఒక్క అర్ర కిరాయికి తీసుకున్నం. మా ఆయన సాంచెలు, అదే బట్ట నేసే మిషిన్లు, నడుపుతడు. పోగు తెగితే మా ఆయనంత జల్ది ముడేసేటోడు ఆ కార్ఖానాల లేడని సేటే అనేటోడు. గుజరాత్‌ల సారా, బ్రాందీ అంతా బందు. పేరుకే బందు. చిన్న ప్లాస్టిక్ సంచిల పోసి, మూతి ముడేసి అమ్ముతరు, పోట్లీ అంటరు దాన్ని. మూల కొరికి తాగుడే. మా ఆయన మొదలు ఆదివారం తాగేటోడు. తర్వాత పగలు బువ్వ తినే యాళ్ల కూడ తాగుడు మొదలువెట్టిండు.

ఎవరికి తోసింది వాళ్లు చెప్పిన్రు. మా అత్త ఊరి నుంచి తాయెత్తు పంపింది, ఎవరో చేతబడి చేసిన్రని ఆమె నమ్మకం. కులపోళ్ల సంఘంల నలుగురి నడుమ నిలవెట్టి అడిగిన్రు, మొగతనం లేదా అని. నా లెక్క నాది. సిగ్గు లేక తాగుతుండు, సిగ్గు తెప్పిస్తే మానుతడు అనుకున్న. అందుకే వాడకట్టంత ఇనేటట్టు తిట్టేదాన్ని. "సిగ్గు శరం లేదా నీకు?" ఇదే నా నోట్లె మాట. అంగీలు దాచిపెట్టిన. చెప్పులు దాచిపెట్టిన. ఒట్టి కాళ్లతోనే పోయి తాగొచ్చిండు.

ఒక్క మాలకు మాత్రం లొంగేటోడు. అంజన్న మాల ఏసుకుంటే నలభై ఒక్క దినాలు చల్లనీళ్ల స్నానం, ఒంటిపూట బువ్వ, నేల మీద పండుడు, చుక్క ముట్టకపోవుడు. ఆ దినాలల్ల పెండ్లాం సుత మొగన్ని "స్వామీ" అనే పిలవాలె. నేను పిలిచేదాన్ని. "స్వామీ, నీళ్లు తోడిన." "స్వామీ, బియ్యం అయిపోయినయి." నా పెండ్లి అయినంక నాకు మొగడు దొరికింది ఆ నలభై ఒక్క దినాలే. మాల తీసిన నాలుగైదొద్దులకే స్వామి పోయేటోడు, పాత మనిషి వచ్చేటోడు. గిట్ల మూడేండ్లు మూడు సార్లు అయింది.

నాలుగోసారి మాల తీసే ముందు నా పానం ఆగలే. రైలు గేటు కాడ గోడ మీద ఒక బొమ్మ ఉంటుండె. సీసా గీసి దాని మీద అడ్డంగ గీత కొట్టిన్రు. హిందీ రాత నాకు రాదు, గీత అర్థమైంది. ఆ గోడ పక్క గల్లీల ఒకాయన పొడి అమ్ముతుండె. "తాగేటాయనకు చెప్పొద్దు. కూరల కలుపు. తాగితే పడదు, అదే మానుతడు" అన్నడు. అందుల ఏమున్నదని నేను అడగలే, ఆయన చెప్పలే.

నాకు బజర్ అలవాటుండె. కాల్చిన తంబాకు పొడి, ఇక్కడి ఆడోళ్లు చిగుళ్లకు రుద్దుకుంటరు. బీడీలు చేసే కాలంనుంచే నాకు తంబాకు లేంది తెల్లారది. చిన్న రేకు డబ్బి బొడ్లె చెక్కుకునేదాన్ని. నాకు అదొక తాగుడని ఎప్పుడు తోసలే. ఆ రెండు వేళ్ల చిటికెతోనే ఆ పొడి సుత కొలిచి, పప్పుల కలిపిన. మాల తీసిన దినంనుంచి మూడు దినాలు కలిపిన.

మూడో దినం పగటీలి టిఫిన్ డబ్బ పట్టుకొని కార్ఖానాకు పోయిన. సాంచెల నడుమ నలుగురు గుమిగూడి ఉన్నరు. మా ఆయన కింద పడి ఉన్నడు. మొఖం మిరపపండు తీర్గ ఎర్రగయింది, కక్కుతుండు, ఊపిరి అందుతలేదు. "ఇప్పుడే పోట్లీ తాగొచ్చిండు అక్కా" అన్నడు ఒకడు. ఇంకొకడు చెంపలేసుకున్నడు. "మాల తీసి నాలుగొద్దులు గాలే, తాగిండు. అంజన్న కొట్టిండు."

నా చేతిల డబ్బల పప్పున్నది. కొంగు కింద దాచిన.

పెద్ద దవాఖానల మన తెలుగు డాక్టరమ్మ ఉండె, ఊర్ల ఇచ్చిన మా బిడ్డ వయసుంటది. నన్ను పక్కకు పిలిచి మెల్లగ అడిగింది. "అమ్మా, తాగుడు మానాలని ఇంట్లో ఏమైనా మందు కలిపి పెట్టారా? భయపడకండి. చెబితే వైద్యానికి ఉపయోగం."

"లే బిడ్డా. ఒట్టు" అన్న.

నా మొఖం దిక్కు ఒకసారి సూసింది. మళ్ల అడగలే. రెండు దినాలు ఉంచుకొని పానం నిలవెట్టిన్రు. పంపేటప్పుడు చెప్పింది, "తాగుడు సిగ్గులేనితనం కాదమ్మా, జబ్బు. షుగర్ లాగే. తిడితే తగ్గదు. ఇంకో మాట. రోజూ పొద్దున్నుంచి తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. చేతులు వణికినా, లేనివి కనబడినా ఇంట్లో ఉంచకండి, వెంటనే తీసుకురండి." తలకాయ ఊపిన. ఆ మాటలు నా మంచికే చెప్పిందని అప్పుడు అనుకోలే. జల్ది బయటపడితే సాలనుకున్న.

ఆ దెబ్బతో మా ఆయన మానిండు. ఏడాది మీదనే చుక్క ముట్టలే. పొద్దుగాల దీపం పెట్టి, "తండ్రీ, ఒక్క దెబ్బతోని మనిషిని చేస్తివి" అని మొక్కేటోడు. నేను పక్కన నిలవడి సుత చేతులు జోడించేదాన్ని. ఎట్ల చెప్పాలె? చెప్తే భయం పోతది. భయం పోతే మళ్ల పోట్లీ. గదే సాకు పెట్టుకున్న. సాకు ఎనక నా సిగ్గు దాక్కున్నది.

ఆయన ఊకోలే. ఎవరు తాగినా పోయి చెప్పేటోడు. ఎదురింటి చెల్లె మొగడు సాంచెల మీదనే పని, పండ్లు తోమకముందే పోట్లీ కావాలె. "తమ్మీ, మాలెయ్యి. ఎయ్యంగనే బందు. తాగినవా, నన్ను కొట్టినట్టే కొడ్తడు" అని దగ్గరుండి ఏపిచ్చిండు. చెల్లె సంబురానికి నా కాళ్లు సుత మొక్కింది. నేను కాళ్లు ఎనకకు తీసుకున్న.

మూడో దినం పగలు చెల్లె ఉరికొచ్చింది. "అక్కా, బావను పిలువు. మా ఆయన... అదే, స్వామి చేతులు ఆగుతలేవు."

పోయి సూస్తే మాల మెడల ఉన్నది, మనిషి చెమటల తడిసి నేల మీద కూసున్నడు. గాలిల తెగిన పోగులు ముడేస్తుండు. రెండు వేళ్లతోని పట్టుడు, మెలేసుడు, ఇడుసుడు. "సాంచె ఆపుండ్రి, పోగు తెగింది!" అని ఒర్లుతుండు. ఆడ సాంచె లేదు, పోగు లేదు. వాడకట్టోళ్లు "స్వామి ఒంటి మీదికి వచ్చిండు" అని కొబ్బరికాయ తెచ్చిన్రు.

"దవాఖానకు తీస్కపోవాలె" అన్న నేను. "గిట్లయితే పానం మీదికొస్తదని డాక్టరమ్మ చెప్పింది."

మా ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు. "పాత పాపం బయటికి పోతుంది. రెండొద్దులు ఓర్సుకోవాలె. దవాఖానల మాల మైలపడ్తది. నన్ను ఏ డాక్టరు మార్సిండే? అంజన్న కొట్టిండు, మారిన."

"నిన్ను కొట్టింది అంజన్న గాదు."

"మరెవరు?"

చెల్లె నా మొఖమే సూస్తుంది. ఆమె మొగని వేళ్లు గాలిల ఇంకా ముడేస్తనే ఉన్నయి.

"నేను. పప్పుల పొడి కలిపిన. మూడు దినాలు."

ఎనకనుంచి ఒక ముసలామె, "ఓయమ్మో, మొగనికి మందు పెట్టిందా ఇది!" అన్నది. మా ఊర్లల్ల ఆ మాట ఎసొంటి ఆడదాన్ని అంటరో నాకెరుక. ఇన్నేండ్లు ఆయనకు నేను తేవాలని సూసిన సిగ్గు అంత ఆ ఒక్క నిమిషంల నా మీదికే వచ్చి పడ్డది.

మా ఆయన నన్ను సూడలే. వంగి, ఎదురింటాయన మెడల మాల మెల్లగ తీసి మేకుకు తగిలేసిండు. చంకల కింద చేతులేసి లేపిండు. "ఆటో పిలువుండ్రి" అన్నడు.

ఎదురింటాయన బతికిండు. వారం పట్టింది చేతుల వణుకు ఆగేతందుకు. ఆ డాక్టరమ్మనే సూసింది. నా దగ్గరికి వచ్చి, "ఆ రోజు కూడా చెప్పి ఉండాల్సిందమ్మా" అన్నది. అంతే. తిట్టలే. తిట్టినా అంత నొప్పి ఉండకపోవు.

ఆ దినంనుంచి పళ్లెం నా దిక్కు జరుగుడు మొదలైంది.

పదో దినం మా ఆయన తాగిండు. పగటీలి వచ్చి గడపల నిలవడ్డడు. "సూడు. ఏం గాలే. ఎవ్వడు కొట్టలే" అన్నడు. అని, ఆడనే కూలవడి చిన్నపోరని తీర్గ ఏడ్సిండు. నా నోటికి పాత మాట రాలే. ఆ మాట అనే మొఖం నాకు లేకపాయె. నీళ్లు ఇచ్చి పక్కన కూసున్న. తెల్లారి ఆయనే, "ఆ డాక్టర్ పొల్లకాడికి పోదాం పా" అన్నడు.

కొన్ని దినాలు దవాఖానల ఉంచుకున్నంక డాక్టరమ్మ ఒక గోలీ చేతిల పెట్టి, తాగితే ఏమైతదో అన్నీ ఇప్పి చెప్పింది. "మీకు తెలిసి, మీరు ఒప్పుకొని, మా పర్యవేక్షణలో వేసుకుంటేనే ఇది మందు" అన్నది. ఆయన గోలీని అటు ఇటు తిప్పి సూసి, "మా ఇంట్ల పప్పుల ఏసే పోపు గిదేనా?" అన్నడు. పక్క మంచపోళ్లు నవ్విన్రు. నేను నేల సూసిన. అప్పుడే ఆ పిల్ల నా చిగుళ్లు సూసింది. "మీ సంగతేంటమ్మా?"

ఇంటికొచ్చి బజర్ డబ్బి బయట పారేసిన. రెండో దినం పగటీలికి తలకాయ పగిలింది. పొయ్యికాడ ఉత్తగనే ఏడ్సిన. మూడో దినం పోయి, పారేసిన డబ్బినే ఎతుక్కొని తెచ్చుకున్న. ఆయన సూడంగ దొరికిపోయిన. ఇగ అంటడనుకున్న, సిగ్గు శరం లేదా అని. అనలే. "ఇది నీ దగ్గర దాచిపెట్టు" అని డబ్బి ఇయ్యవోయిన.

"నేను దాసుడు, నువ్వు ఎతుకుడు. వద్దు" అన్నడు. "పెట్టుకున్నప్పుడు నాకు చెప్పు. గంతే."

అప్పటిసంది చెప్తున్న. "ఇగో, పెట్టుకుంటున్న." "ఊఁ." కొన్ని దినాలు రెండుసార్లతోనే ఎల్తది, కొన్ని దినాలు నోరు మూసుకొని తీసుకోవాలనిపిస్తది. ఆయన గోలీ ఆయనే తీసుకుంటడు. ఆ గోలీల డబ్బను నేను ముట్ట. ఆదివారం దవాఖానల గుండ్రంగ కూసోని ఎవరి బాధ వాళ్లు చెప్పుకుంటరు. ఆయన వంతు వచ్చినప్పుడు, "నాకు తెలువకుండ మందు పెట్టిన్రు" అంటడు. ఎవరో చెప్పడు. అందరు నా దిక్కు సూస్తరు.

మొన్న ఒక పగలు ఆకలి మీద వచ్చిండు. పప్పు, మామిడికాయ తొక్కు పెట్టిన. పళ్లెం జరపలే. మాట అనలే. ఉత్తగనే చెయ్యి పెట్టి కలపవట్టిండు. ఏ దినం కోసం ఇన్ని దినాలు సూసిన్నో, ఆ దినం.

"ఆగు" అన్న.

చెయ్యి ఆపిండు. ఆయన కలిపిన దాంట్లనుంచే ఒక బుక్క తీసుకొని నేను మింగిన.

"ఇప్పుడు ఎవరడిగిన్రే నిన్ను?" అన్నడు.

ఆయన నా మొఖం సూస్తనే ఉన్నడు. "ఇంకింత పప్పు పొయ్యి" అన్నడు. గరిటె తీసుకున్న. పప్పు పళ్లెం అంచుకు ఒలికింది. ఆయన దాన్ని వేలుతోని తుడిసి నాకిండు.