భూపాలపల్లికి ఒక వంకర కక్ష్య

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం సాగుతున్న రోజులు. బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలియకపోయినా భూపాలపల్లిలో సైన్స్ ప్రదర్శన మాత్రం ఆగలేదు. నేను సైన్సు చెప్పే బడిలో తొమ్మిదో తరగతి చదివే సరోజ అక్కడ మొదటి బహుమతి కొడితే హైదరాబాద్ పోటీలకు పోతుంది. జనగామ దాటి ఎరుగని పిల్ల. నెల రోజులుగా అదే మాట. పొద్దున ఏడింటి ప్యాసింజర్ ఎక్కాం.

మహబూబాబాద్‌లో దిగింది, అక్కడ కొలిమి పెట్టుకున్న మా ఊరి కమ్మరి లింగయ్య కోసం. సూర్యుడి చుట్టూ గ్రహం తిరిగే దారిని సన్నని ఇనుప కడ్డీతో చేయమని, సాగదీసిన సున్నాలా బొమ్మ గీసి పంపాను. స్టేషన్ బయట ఆయన చేతిలోది చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎడ్లబండి చక్రం కట్టులా గుండ్రంగా ఉంది.

"నీ బొమ్మ వంకర వచ్చింది సారూ. నేనే సరిజేసిన," అన్నాడు సంబరంగా. పైగా టీ కూడా తాగించాడు. ఆ మనిషిని ఏమని తిట్టను? బస్సెక్కాం.

నిజానికి రెండు వేల ఏళ్లు మహా మహా పండితులే గ్రహాలు గుండ్రంగా తిరగాలని పట్టుబట్టారు. నాలుగు వందల ఏళ్ల కింద జర్మనీ లెక్కల మనిషి ఒకాయన, గురువు రాసిపెట్టిన అంగారకుడి కొలతలను ఏళ్ల తరబడి వృత్తంలో ఇరికించబోయాడు. పిసరంత తేడా వచ్చింది. సర్దుకుపోలేక వృత్తాన్నే వదిలేశాడు. దారి సాగిన సున్నా అని, సూర్యుడు నడిమధ్యలో కాక ఓ పక్కకు ఉంటాడని తేల్చాడు. ఇదంతా సరోజకు మళ్లీ చెప్పాను.

"నాకెరికే సార్. గిప్పుడు రింగెట్ల?" అంది.

ములుగు దగ్గర వంటావార్పు. ఉద్యమకారులు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. అందరూ తిన్నాకే బస్సులు వదులుతారట. పప్పన్నం తింటూ మా గోడు చెప్పుకుంటే ఇద్దరు కుర్రాళ్లు రింగును తొక్కి, లాగి, చక్కగా సాగదీశారు. నేను చెయ్యి కడుక్కొని వచ్చేసరికి ఒక పెద్దాయన, పిల్ల సామాను వంకర పోయిందని జాలిపడి మళ్లీ గుండ్రంగా వంచి పెట్టాడు. డ్రైవర్ హారన్ మోగిస్తున్నాడు. ఏడవలేక నవ్వాను.

మూడింటికి భూపాలపల్లి చేరాం. న్యాయనిర్ణేత ముందు సరోజ ఆ రింగునే నిలబెట్టి, "గిది రెండు వేల ఏండ్ల పొరపాటు," అంది. చెప్పు విడిచి ఒక అంచును కాలితో తొక్కిపట్టి, రెండో అంచును చేతులతో లాగింది. "గిది నిజం."

అందరూ చప్పట్లు కొట్టారు.  న్యాయనిర్ణేత రింగు చుట్టూ తిరిగి చూసి రెండో బహుమతి రాశాడు.

"అంతా మంచిగుందమ్మా. ఆ రింగొక్కటి గుండ్రంగుంటే ఫస్టిచ్చేటోన్ని."

తిరుగు బస్సులో నాకు ఒళ్లు మండిపోతోంది.  పరకాల దాటాక సరోజ అడిగింది, జర్మనీ ఆయన మాట అప్పుడు అందరూ నమ్మారా అని.

"లేదమ్మా. ఆయన పోయినంకనే ఎక్కువమంది నమ్మిండ్రు."

సరోజ రింగును ఒళ్లోకి లాక్కుంది.

"గట్లయితే మనమే నయం సార్. మనకు సెకండన్న వచ్చింది."