పది నిమిషాల మరక

కాలింగ్ బెల్ నొక్కుతుంది. రెండడుగులు వెనక్కి వేస్తుంది. నీలం బ్యాగును కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుని, తలుపు వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ నిలబడుతుంది.

పన్నెండేళ్ళుగా బ్యాగు పిన్ని నిలబడే తీరు ఇది. శిక్షణ మొదటిరోజే చెప్పారు. తలుపుకు ఆనుకుని నిలబడితే, కన్నంలోంచి చూసేవాళ్ళకు మీ ముక్కు సొరకాయంత కనిపిస్తుంది, జడుసుకుంటారు, దూరంగా ఉండండి అని. ఆ మాట ఆమె కాళ్ళలోకి దిగిపోయింది. సొంతింటి బెల్ నొక్కినా రెండడుగులు వెనక్కే. భర్త తలుపు తీసి, "ఇవాళేం వద్దమ్మా, వెళ్ళిరా" అంటాడు. పన్నెండేళ్ళుగా ఇదొక్కటే జోకు. ఆమె ఒక్కసారీ నవ్వలేదు. అతనూ మానలేదు.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇంట్లో పదకొండు గడియారాలు పదకొండు రకాల టైము చూపిస్తుంటాయి. సరైన టైము అతని బుర్రలో ఉంటుంది.

ఆమె కంపెనీకి కొట్టు లేదు. టీవీలో ప్రకటన లేదు. ఊళ్ళో ఉన్న ఇలాంటి పిన్నులే దాని కొట్లు, వాళ్ళ నోళ్ళే ప్రకటనలు. బట్టల పొడి, నేల తుడిచే మందు, పళ్ళ బ్రష్షులు అమ్ముతుంది. అన్నిటికన్నా ముఖ్యం మరకల మందు. దాన్ని అమ్మడానికి ఒక పద్ధతి ఉంది. కాఫీ, సిరా, నూనె కలిపిన నల్లటి చిన్న సీసా బ్యాగులోనే ఉంటుంది. దాన్ని మరక సీసా అంటారు. మాటలన్నీ అయిపోయాక తెల్లగుడ్డ మీద ఒక చుక్క వేయాలి. వెంటనే మందు రాసి తుడవాలి. గుడ్డ మల్లెపువ్వులా వస్తుంది.

వెంటనే అన్నది ముఖ్యం. పది నిమిషాలు దాటితే ఆ మందు మందు కాదు, ఉత్త నీళ్ళు. ఆ సంగతి మందు సీసా వెనక చీమ కాళ్ళంత అక్షరాల్లో రాసి ఉంటుంది. బ్యాగు పిన్ని మాత్రం సీసా బయటికి తీయకముందే చెప్పేస్తుంది. చల్లకొచ్చి ముంత దాచడం ఆమెకు చేతకాదు. "పాత మరకలకి పనికిరాదమ్మా. పాత మరకలుంటే కొనకు. కొత్త మరకలు చేసే పిల్లలుంటే కొను." పిల్లలున్న ఇళ్ళన్నీ కొన్నాయి.

మోకాళ్ళు అరిగాక పక్కవీధులు మానుకుంది. ఇప్పుడు ఆమెకున్నది తను ఉంటున్న బిల్డింగే. నలభై తలుపులు. అందులో ముప్పై ఆమెవి.

ఒక సోమవారం పేపర్లో ఒక ఫొటో పడింది. ఎక్కడో ఇంకేదో కంపెనీ, మనుషుల్ని చేర్పిస్తే చాలు కూర్చున్నచోటికే డబ్బొస్తుందని చెప్పి, అందరినీ ముంచి తలుపులు మూసేసింది. సరుకన్నది లేదు. కానీ ఫొటోలో మూసిన తలుపు ముందు ఏడుస్తున్నవాళ్ళ చేతుల్లో నీలం బ్యాగులున్నాయి.

ఇంకేం. మంగళవారానికి ముప్పై తలుపుల్లో తొమ్మిది తెరుచుకున్నాయి. బుధవారం నాలుగు. నిప్పు లేనిదే పొగ రాదని లిఫ్టులో ఎవరో అన్నారు. గురువారం బిల్డింగు మీటింగు హాల్లో ఒక బోర్డు కనిపించింది. సేల్స్ వాళ్ళకు ప్రవేశం లేదు. పెయింటరు రాసేశాడు, ఆదివారం మీటింగులో చేతులెత్తించి గేటుకు కొట్టడమే మిగిలింది.

అదే రోజు కంపెనీ నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. మన సంస్థ మీద వస్తున్న అపోహలకు మన సమాధానం అని పైన ఉంది. దాన్ని ప్రతి ఇంట్లో చదివి వినిపించాలట.

భర్త కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "మీ కంపెనీని ఎవరైనా ఏమైనా అన్నారా?"

"పేరు పెట్టి అనలేదు."

"మరి నాలుగు పేజీలెందుకు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది."

"నన్ను ఈ మెట్లు ఎక్కనివ్వకపోతే అప్పుడు నువ్వు తడుముకుందువుగాని," అని ఆమె హెడ్డాఫీసుకు ఫోన్ చేసింది.

ఆదివారం మధ్యాహ్నం మీటింగుకు హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. టై కట్టుకున్నాడు. తెర, ప్రొజెక్టరు తెచ్చుకున్నాడు. జీవితంలో ఒక్క కాలింగ్ బెల్లూ నొక్కని మనిషని అతని నున్నటి వేళ్ళు చూస్తేనే ఆమెకు తెలిసింది.

"నేను చూసుకుంటా మేడమ్. మీరు కూర్చోండి," అన్నాడు. ఆమె కూర్చుంది. భర్త చివరి వరసలో గోడకు ఆనుకున్నాడు.

బిల్డింగు అసోసియేషన్ ప్రెసిడెంటు గారు బ్యాంకులో ముప్పైఅయిదేళ్ళు చేసి రిటైరైన మనిషి. తెల్లచొక్కా తప్ప వేసుకోడు. "మీరు చెప్పేది చెప్పండి, తర్వాత చేతులెత్తిస్తాం," అన్నాడు.

"ముందు మాటలొద్దు సార్. ముందు నిజం చూపిస్తా," అన్నాడు ఆఫీసరు. మరక సీసా మూత తీసి, "మీ చొక్కా చేతి మీద ఒక్క చుక్క" అన్నాడు. ప్రెసిడెంటు గారు పరీక్ష పెట్టేవాడిలా చెయ్యి చాపాడు. ఒక్క చుక్క అనుకున్నది రూపాయి బిళ్ళంత పడింది.

బ్యాగు పిన్ని మందు సీసా పట్టుకుని లేచింది. ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టాడు. "అలా ఉండనివ్వండి. చివర్లో తుడుద్దాం."

తర్వాత లైటు తీయించి, వ్యాపారం వివరించడం మొదలుపెట్టాడు. తెర మీద ఒక చెట్టు వచ్చింది. కొమ్మకో మనిషి. ఇది గొలుసు కాదన్నాడు. పిరమిడ్ కాదన్నాడు. కుటుంబం అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. చీకట్లో భర్త నాలుగు వేళ్ళు ఎత్తి చూపాడు.

ఆమె దగ్గింది.

"మంచినీళ్ళు తాగండి మేడమ్," అని ఆఫీసరు కంపెనీ స్థాపకుడి బాల్యంలోకి వెళ్ళాడు. స్థాపకుడు వాళ్ళమ్మ మరకలు ఉతకడం చూసి కన్నీళ్ళు పెట్టుకునే చోట భర్త ఎనిమిది వేళ్ళు చూపాడు. ఆమె లేచి, "సార్, చొక్కా" అంది.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా."

భర్త రెండు చేతులూ ఎత్తాడు. పది వేళ్ళు. కాసేపు అలాగే ఉంచి దించేశాడు. ఇక వేళ్ళు లేవు.

ఆఫీసరు అక్కడికి వచ్చేసరికి ఇంకో పావుగంట పట్టింది. లైటు వేయించి, మందు పోసి తుడిచాడు. మరక కదల్లేదు. మళ్ళీ పోశాడు. కొంచెం వెడల్పయింది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది.

"ఇదన్నమాట నిజం," అన్నాడు ప్రెసిడెంటు గారు, చెయ్యి అందరికీ తిప్పి చూపిస్తూ.

బ్యాగు పిన్ని ముందుకు వచ్చింది. అందరికీ ఎదురుగా నిలబడింది. రెండడుగులు వెనక్కి వేసింది. తెర వీపుకు తగిలింది.

"పది నిమిషాలు దాటితే పోదు. మీ అందరికీ చెప్పే అమ్మాను. చెప్పలేదన్నవాళ్ళు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు.

"నన్ను ఎవర్నీ చేర్పించమని కంపెనీ అడగలేదు. అడిగినా నాకు చేతకాదు. సరుకు తెస్తా, అమ్మితే నాకింత మిగుల్తుంది, అమ్ముడుపోనిది వెనక్కి తీసుకుంటారు. అంతే నాకు తెలిసిన వ్యాపారం. ఆ చెట్టు నేనూ ఇవాళే చూశా."

మూడో అంతస్తు టీచరమ్మ అందుకుంది. "ఈవిడ సేల్స్ మనిషేంటండీ, మొదటి అంతస్తు మనిషి. వాళ్ళింటికి వాళ్ళు రాకూడదని బోర్డు కొడతారా?"

"ఇంటికి రావచ్చు. బెల్లులు నొక్కకూడదు," అన్నాడు ప్రెసిడెంటు గారు.

"ఈవిడ నొక్కకపోతే మా ఇంట్లో బెల్లు పనిచేస్తుందో లేదో కూడా తెలీదు."

చేతులు లెక్కపెట్టారు. బోర్డు ఎలాగూ కొట్టాల్సిందేనన్నారు. బ్యాగు పిన్నిని వదిలేద్దామా అంటే మాత్రం పదమూడు అటు, పదమూడు ఇటు. అందరూ ప్రెసిడెంటు గారి వైపు చూశారు. ఆయన తన చెయ్యి చూసుకున్నాడు.

"నా ఓటు ఈ చొక్కా మీద ఉంది. రేపు చెప్తా," అన్నాడు.

ఆమె చొక్కా ఇంటికి తెచ్చుకుంది. కొట్టుకు వెళ్ళి మామూలు బిళ్ళ సబ్బు కొంది, నిమ్మకాయ కొంది. పన్నెండేళ్ళలో ఇంకో కంపెనీ సబ్బు ముట్టుకోవడం అదే మొదలు. రాసింది, రుద్దింది, నానబెట్టింది, మళ్ళీ రుద్దింది. మరక పెసరగింజంత మిగిలి అక్కడ మొండికేసింది.

"అదే చాలు. మన మందుతోనే పోయిందని చెప్పు," అన్నాడు భర్త.

"నీ గడియారాలు నువ్వు చూసుకో."

మర్నాడు పొద్దున్నే ఆమె ఇస్త్రీ చొక్కా చేతి మీద వేసుకుని ప్రెసిడెంటు గారి బెల్ నొక్కింది. రెండడుగులు వెనక్కి వేసింది.

ఆయన చొక్కాను వెలుతురులో పట్టి చూశాడు. "మొత్తం పోలేదే."

"లేదండీ. ఇంతే వచ్చింది."

"మీ మందుతోనా?"

"కాదండీ. కొట్లో బిళ్ళ సబ్బుతో."

ఆయన ఆ పెసరగింజను గోటితో గీకాడు. ఇంకోసారి గీకాడు. "మా మనవడు ఎల్లుండి వస్తున్నాడు," అన్నాడు చివరికి. "వాడు గోడల మీద సిరా పోస్తాడు. ఒక సీసా ఇచ్చి వెళ్ళండి. పది నిమిషాలు కదా?"

"పదిలోపే అండీ."

ఆమె కిందికి దిగింది. గేటుకు అప్పుడే బోర్డు కొడుతున్నారు. సేల్స్ వాళ్ళకు ప్రవేశం లేదు. మేకు కొడుతూ వాచ్‌మన్ గ్లాసులో టీ బోర్డు మీద ఒలకబోసుకున్నాడు. టీ చారలుగా కారుతోంది.

"ఎంతసేపైంది ఒలికి?" అని అడిగింది.

"ఇప్పుడేనమ్మా."

బ్యాగు కింద పెట్టింది. మందు సీసా తీసింది. ఒక్కొక్క అక్షరం మీదా గుడ్డ వేసి నెమ్మదిగా, బోర్డు తెల్లగా, అక్షరాలు స్పష్టంగా మెరిసేదాకా తుడిచింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది.