లేదని రాసియ్యి

మా రామలింగానికి లోకంలో వినపడని మాట ఒక్కటే: "లేదు". చెవులకేం రోగం లేదు. హాస్టల్లో పక్క బ్లాకులో ఎవరైనా మిర్చి బజ్జీల పొట్లం విప్పితే ఇక్కడ వినేవాడు. కానీ ఎవరైనా లేదు, కాదు, కుదరదు అన్నారా, చొక్కా జేబులోంచి నాలుగు మడతల తెల్లకాగితం, ఇంకు పెన్ను తీసి వాళ్ల ముందు పెట్టేవాడు.

"మంచిది సార్. అదే ముక్క రాసియ్యుండ్రి" అనేవాడు, ఎంతో వినయంగా.

నేను పాలంపేట నుంచి వరంగల్ వచ్చి యూనివర్సిటీలో చేరింది 1978లో. అప్పటికే అతను ఎం.ఏ. రెండో ఏడు. మనిషి బక్కపలచన. జేబు మాత్రం ఎప్పుడూ కాగితాలతో ఉబ్బి ఉండేది. ఆఫీసుల్లో గుమస్తాలు అతన్ని దూరం నుంచి చూసి టీకి లేచేవాళ్లు.

ఒకరోజు మెస్సులో వడ్డించే సారయ్య ఖాళీ గరిటె చూపించి, "పప్పు ఒడిసింది బిడ్డా" అన్నాడు.

"ఒడిసిందని రాసియ్యి, సారన్నా."

"నాకు రాత రాదు గదా!"

"ఫికర్ చెయ్యకు. నేను రాస్త, నువ్వు వేలిముద్ర పెట్టు."

సారయ్య కాగితం వంక చూశాడు, తన బొటనవేలి వంక చూశాడు. గొణుక్కుంటూ లోపలికి పోయి, వార్డెను గారి కోసం మూతపెట్టి దాచిన గిన్నె పట్టుకొచ్చాడు. ఆ పూట మేమందరం రెండుసార్లు పప్పు వేసుకున్నాం.

ఒక్క బస్సు కండక్టరు మాత్రం నిజంగానే రాసిచ్చాడు. "హాస్టల్ గేటు కాడ ఆపను, ఏం చేస్కుంటవో చేస్కో" అని టికెట్టు వెనకాల రాసి సంతకం కూడా గీకాడు. రామలింగం ఆ టికెట్టును వారం రోజులు పెళ్లి పత్రికలాగా అందరికీ చూపించి, తర్వాత తీసుకెళ్లి డిపో మేనేజరు బల్ల మీద పెట్టాడు. ఇక చూడండి, ఎక్కేవాడూ దిగేవాడూ లేకపోయినా ఆ బస్సు మా గేటు దగ్గర ఆగేది. కండక్టరు తల బయటపెట్టి, "ఏమయ్యో, ఎక్కుతవా? ఎక్కకుంటే ఎక్కనని రాసియ్యి!" అని అరిచేవాడు.

పెళ్లిచూపుల్లోనూ ఇదే వరస. హనుమకొండలో ఒక ఇంటికి పోతే పిల్ల తండ్రి, "ఈ సంబంధం మాకు వద్దు" అన్నాడట. "మంచిది మామా, రాసియ్యుండ్రి" అన్నాడట ఈయన, అప్పుడే వరస కలిపేసి. తలుపు చాటున ఉన్న పిల్ల కళావతి ఆపుకోలేక పకపకా నవ్వింది. ఆ నవ్వుతో సంబంధం ఖాయమైంది. పెళ్లయ్యాక ఆమె కాదంటే మాత్రం జేబులోంచి కాగితం బయటికి రాలేదని విన్నాను.

సరే, నా సంగతికి వస్తాను. మా నాయన మొగిలయ్య నన్ను ఇనుప పెట్టెతో సహా హాస్టల్ మెట్ల మీద దింపి, ఒకే మాట చెప్పి పోయాడు. "శనివారం దాక చూడు కొడుకా. సీటు దొరికితే సదువు. దొరక్కుంటే పెట్టె తీస్కొని వచ్చెయ్, నాట్లు పడ్తానయ్." బయట అర్ర కిరాయికి తీసుకునే తాహతు మాకు లేదు. రోజూ మా ఊరి నుంచి వచ్చి పోవడం అయ్యే పని కాదు. సీటు లేదంటే చదువు లేదన్నట్టే.

హాస్టళ్ల ఆఫీసు కిటికీలో పాండురంగం అనే గుమస్తా కూర్చునేవాడు. నోట్లో జర్దా పాను నలుగుతూ ఉండేది. తల ఎత్తకుండానే, "సీట్లు లెవ్వు. ఫుల్" అన్నాడు. నేను తిరిగి నడవబోయాను. వెనక నుంచి ఎవరో నా కాలరు పట్టుకుని ఆపారు. చూస్తే రామలింగం.

"ఎటు పోతానవ్ తమ్మీ?"

"సీట్లు లెవ్వట అన్నా."

"లెవ్వని కాయితం ఇచ్చిండా?"

"లేదు."

"మరి నువ్వెందుకు పోతానవ్? మా అక్క సమ్మమ్మ గిట్లనే ఒక హాస్టల్ కిటికీ కాడ లేదంటే ఇంటికొచ్చింది. ఆ ఏడు సగం మంచాలు ఖాళీగున్నయని తర్వాత ఎరుకైంది. నోటితోని ఎవడైనా లేదంటడు. రాయాల్నంటే లెక్క చూడాలె, సంతకం పెట్టాలె. ఆడ దొరుకుతరు."

మర్నాడు అదే కిటికీ ముందు రామలింగం వెతికి తెచ్చిన ఏడుగురం వరస కట్టాం. అందరం "లేదు" విని తిరిగిపోయినవాళ్లమే. అందరి చేతుల్లో తెల్లకాగితాలు. పాండురంగానికి చెమటలు పట్టాయి.

"గిదేంది? నేను చెప్తె నమ్మరా?"

"నమ్ముతం సార్" అన్నాడు రామలింగం. "మా నాయనలు నమ్మరు. జర రాసియ్యుండ్రి."

రెండు రోజులు కదలలేదు మేము. కిటికీ తెరవగానే ఏడు కాగితాలు, మూసేదాకా ఏడు కాగితాలు. పాండురంగం టీకి పోతే మేమూ వెంట పోయేవాళ్లం. చివరికి సంగతి వార్డెను దాకా పోయింది. రాతపూర్వకంగా లేదనాలంటే ఏ గదిలో ఎవరున్నారో చూపించాలి గదా! రిజిస్టరు విప్పారు. అందులో రెండు గదులకు పేర్లు లేవు. తాళాలు తీస్తే ఏముంది? విరిగిన మంచాలు, కాళ్లు లేని కుర్చీలు, బూజు. మనుషులకు చోటు లేదు గాని విరిగిన మంచాలకు ఉందన్నమాట! ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మధ్యాహ్నమే రెండు గదులూ మేమే ఊడ్చాం, మేమే కడిగాం. గదికి ముగ్గురు చొప్పున ఆరు సీట్లు. మేము ఏడుగురం. వరసలో ఏడోవాణ్ని నేను.

పాండురంగం మొహం వెలిగిపోయింది. "ఇగ రాసిస్త పట్టు!" అని, గుండ్రటి అక్షరాలతో సీటు లేదని రాసి, సంతకం పెట్టి, రబ్బరు ముద్ర కూడా గుద్ది ఇచ్చాడు. ఈసారి అది నిజమే. రామలింగం ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతిలో పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. శుక్రవారం అది.

"పెట్టె సర్దకు. పొద్దుగాల ఓసారి కిటికీ కాడికి రా" అని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున పాండురంగం ముఖం గంటు పెట్టుకుని, "తొమ్మిదో నంబరు గదిల ఒక మంచం ఖాళీ అయింది. నీ నసీబు" అన్నాడు. పోయి చూస్తే అది రామలింగం మంచమే. అతను పరుపు చుట్టి చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏందన్నా ఇది?"

"నల్లులు తమ్మీ, నల్లులు! నాతోని కాదు. నెల కిందనే ఖాళీ చేస్తనని దరఖాస్తు పెట్టిన. ఇప్పటికి ఒప్పుకున్నరు. చౌరస్తాల వీరభద్రం సేటు బట్టల దుకాణం మీద పండుకుంట, గాలి మంచిగొస్తది."

నేను నమ్మాను. ఆ మంచంలో రెండేళ్లు పడుకున్నాను. ఒక్క నల్లి కనపడలేదు. నేను రాకముందే ఎటో పోయి ఉంటాయనుకున్నాను, ఎంత తెలివైనవాణ్నో చూడండి.

పదకొండేళ్ల తర్వాత అదే ఆఫీసులో, అదే కిటికీ వెనక, పాండురంగం కుర్చీలో నేను కూర్చున్నాను. పాత బీరువా సర్దుతుంటే ఒక దరఖాస్తు దొరికింది. చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. తేదీ నెల కిందటిది కాదు, ఆ శుక్రవారానిదే. "సొంత కారణాల వల్ల గది ఖాళీ చేయుచున్నాను. నా సీటు వరసలో ఏడవ విద్యార్థికి ఇవ్వగలరు. ఇవ్వనిచో ఎందుకు ఇవ్వలేదో రాసివ్వగలరు."

కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాను. చివరి వాక్యం దగ్గర నవ్వాగలేదు.

మడికొండ హైస్కూల్లో పంతులైన రామలింగం ఆ వారమే కిటికీ ముందు ప్రత్యక్షమయ్యాడు. నెత్తి అక్కడక్కడ నెరిసింది గాని జేబు అలాగే ఉబ్బి ఉంది. వెంట సుగుణ అనే అమ్మాయి, ఆయన దగ్గర చదివి యూనివర్సిటీలో చేరిన పిల్ల. నేను ఆ దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చూసి, చప్పున పైన ఫ్యాను వంక చూశాడు.

"నల్లుల వల్లనే ఖాళీ చేసినవా అన్నా?"

"నల్లులే తమ్మీ. గింతింత ఉండె."

తెల్లకాగితం తీసి ఆయన ముందుకు తోశాను. "నల్లులని రాసియ్యి."

రామలింగం పెన్ను తీశాడు. మూత విప్పాడు. కాగితం వంక చూశాడు. మళ్లీ మూత పెట్టాడు.

"ఇంకు ఒడిసింది" అన్నాడు.

"ఒడిసిందని రాసియ్యి. ఇగో నా పెన్ను."

సుగుణ పైట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. రామలింగం చెవులు ఎర్రబడ్డాయి.

"నీ ముచ్చట తర్వాత గాని, ఈ పిల్లకు లేడీస్ హాస్టల్ల సీటున్నదా, లేదా?" అని గదిమాడు.

రిజిస్టరు విప్పి, వేలు పెట్టి, పేరు పేరూ చూశాను. "ఉన్నదన్నా" అన్నాను.

ఆయన నా పెన్ను నాకే ఇచ్చాడు.

"ఉన్నదని రాసియ్యి."