బావ విన్నానన్న ఆల్బం

మా బృందంలో ఆదివారం ఉదయానికి ఒక పద్ధతి ఉంది. ఆ వారం ఎవరు ఏ ఆల్బం విన్నారో, అది ఎలా ఉందో, ఎవరికి వారు తమ గొంతుతోనే రికార్డు చేసి ఫోన్లో పంపాలి. ఆల్బంను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరుస తప్పకుండా విన్నవారే మాట్లాడాలి. మధ్యలో పాటలు దాటవేసినవారికి ఆ వారం అభిప్రాయం లేదు. ఈ నియమాలు రాసింది నేను. బృందం నిర్వాహకుణ్ణీ నేనే. బందరు, గుడివాడ, దివిసీమల్లో ఉన్న పదకొండు మందిమి. అందరమూ ఉద్యోగాలో వ్యాపారాలో చాలించుకున్నవాళ్ళమే.

నా ఉద్యోగమంతా కాలువల శాఖలో గడిచింది. లాకుల దగ్గర నీటిమట్టం చూసి రాసుకోవడం, రాసుకున్నదాన్ని నిన్నటి అంకెతో సరిచూసుకోవడం నా పని. అందువల్ల కావచ్చు, ఆల్బం గురించి నేను చెప్పేదంతా అది వచ్చిన సంవత్సరం, ఏ వైపు ఎన్ని పాటలు, ఒక్కొక్కటి ఎంత నిడివి, వాయించిన వాద్యాలేవి అనేంతవరకే ఉంటుంది. అంతకు మించి చెబితే తప్పు చెబుతానేమోనన్న భయం. మిగిలినదంతా బావ చెప్పేవాడు.

బావ అంటే నాకు చుట్టం కాడు. ఉద్యోగాల తొలి రోజుల్లో గుడివాడలో ఒకే గదిలో అద్దెకున్నాం. అతను లెక్కల మాస్టారు. దివిసీమలో ఒక పల్లె చర్చి పాస్టరు గారి కొడుకు. చిన్నప్పటి నుంచీ కోయిర్‌లో అందరికంటే కింది స్థాయిలో పాడి పాడి, పాటలో అడుగున ఏం జరుగుతోందో వినడం అలవాటైనవాడు. గదిలో చేరిన సాయంత్రమే నన్ను "ఏం బావా" అన్నాడు. ఆ పిలుపు అలాగే నిలిచిపోయింది.

ఆ రోజుల్లో గుడివాడ బస్టాండు దగ్గర ఒక రికార్డింగు దుకాణం ఉండేది. ఖాళీ క్యాసెట్టు కొనిస్తే, దుకాణదారు తన దగ్గరున్న రికార్డు నుంచి పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. రికార్డు ఒక వైపు పాటలు అయిపోయాక టేపు ఇంకా కొంత మిగిలేది. దాన్ని ఖాళీగా వదిలేస్తే కొన్నవాళ్ళు ఊరుకునేవారు కాదు. "సగం టేపు నీకే ఉంచుకున్నావా?" అని పోట్లాటకు వచ్చేవారు. అందుకని చేతికందిన మరో రికార్డులోంచి ఏదో ఒక పాట వేసి ఆ మిగులును నింపేవాడు.

అలా మేమిద్దరం కలిసి చేయించుకున్న మొదటి క్యాసెట్టు ఒక గాయని లలితగీతాల ఆల్బం. మొదటి వైపు చివరి పాట ఒక లాలి. అది ముగిశాక, ఆ ఆల్బంతో ఏ సంబంధమూ లేకుండా, ఎవరో ఒక మగ గొంతు పడవ పాట అందుకునేది. రెండో చరణం సగంలో ఉండగానే టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచేది. నాకు బందరు బదిలీ అయినప్పుడు దాన్నే మరొక క్యాసెట్టులోకి ఎక్కించుకుని చెరొకటి తీసుకున్నాం. ఆ రికార్డు మళ్ళీ మా కంటపడలేదు. మా ఇద్దరి లెక్కలో లాలి తర్వాత పడవ పాట రావడం ఆ ఆల్బం స్వభావం.

కిందటేడు వేసవి నుంచి బావ పంపే రికార్డింగుల్లో గొంతు పెద్దదవుతూ వచ్చింది. బృందంలో గిలకలదిండి నుంచి ఒకాయన ఉన్నారు. ఒకప్పటి వేటపడవల యజమాని, ఇంజను మోత మీద పాటలు విని అలవాటైన మనిషి. ఆయనకే నవ్వొచ్చింది.

"మాస్టారూ, మైకు గానీ మింగేశారేంటండీ? మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఎవరితోనండీ గొడవ అంటోంది!"

"క్లాసులో అరిచి అరిచి అలవాటైపోయిందయ్యా," అన్నాడు బావ, అంతే పెద్దగా.

కొన్నాళ్ళకు, తమ ఊళ్ళో సిగ్నలు సరిగా ఉండటం లేదనీ, మా రికార్డింగులు తనకు తెరుచుకోవడం లేదనీ, తనకు మాత్రం రాసి పంపమనీ కోరాడు. రాసి పంపాం. తను మాత్రం యథాప్రకారం మాట్లాడి పంపేవాడు. సిగ్నలు లేనిచోట నుంచి అతని గొంతు ఎలా వస్తోందని నాకు సందేహం రావలసింది. రాలేదు.

ఆ శీతాకాలంలో, ఇన్నేళ్ళకు, ఆ గాయని ఆల్బం ఎవరో శుభ్రపరిచి ఇంటర్నెట్టులో పెట్టారు. కవరు బొమ్మ, పాటల వరుస, వాద్యకారుల వివరాలు అన్నీ ఉన్నాయి. నేను వాటిని సరిచూసి బృందానికి పంపాను. పడవ పాట అందులో లేదు. ఉండే అవకాశమూ లేదు. ఆ సంగతి బావకు ప్రత్యేకంగా రాయలేదు. విన్నాక తనే నవ్వుతూ చెబుతాడని ఎదురుచూశాను.

ఆదివారం అతని రికార్డింగు వచ్చింది.

"బావా, ఎంత మంచి పని చేశావయ్యా! లాలి పాట అయిపోయి పడవ పాట ఎత్తుకుంటాడు చూడూ, ఆ తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు ఇప్పుడెంత తేటగా ఉందో! మన క్యాసెట్లో ఇంత తెలిసేది కాదు. ఆ చప్పుడు కోసమే మళ్ళీ మళ్ళీ విన్నాను."

గుడివాడలో నర్సుగా పనిచేసి రిటైరైన ఒకావిడ వెంటనే అడిగారు. "పడవ పాటేంటండీ మాస్టారూ? నేను వరసగా విన్నాను, నాకెక్కడా తగల్లేదే! లాలి వింటూ నిద్రపోయారా ఏంటి, కల్లోకొచ్చిందేమో?"

నలుగురు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మళ్ళీ ఆల్బం తెరిచి, లాలి చివర ఏముందో విన్నాను. ఏమీ లేదు. బావ కొత్త ఆల్బం వినలేదు. విన్నట్టు చెబుతున్నది గుడివాడ క్యాసెట్టును, అదీ జ్ఞాపకం నుంచి. ఆ తెడ్డు చప్పుడు ఎంత తేటగా ఉందో అతను కల్పించి చెప్పాడు. ఇన్నేళ్ళలో పాట విషయంలో బావ అబద్ధం చెప్పడం నేనెరగను.

అప్పటికప్పుడు బృందంలో రాశాను: "ఆ పాట నేను మాస్టారికి విడిగా పంపాను." సరిచూడకుండా నేను బృందంలో పెట్టిన మొదటి వాక్యం అదే.

మర్నాడు చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళే బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. బావ భార్యను నేను చెల్లెమ్మా అంటాను. ఆవిడ గేటు దగ్గరే ఎదురొచ్చింది.

"వస్తున్నట్టు చెప్పనేలేదేంటన్నయ్య గారూ? కబురు చేస్తే చేపల పులుసు పెట్టేదాన్ని కదా."

"బావ ఏడమ్మా?"

ఆవిడ వరండా వైపు చూసింది. బావ వీధికి వీపు పెట్టి పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. కుర్చీ చేతి మీద వేళ్ళు తాళం వేస్తున్నాయి.

"అందులో పాటేం రావట్లేదన్నయ్య గారూ. పొద్దున్నే ఛార్జింగ్ అయిపోయింది. ఆ సంగతి ఆయనకి తెలీదు." ఆవిడ గొంతు తగ్గించలేదు, తగ్గించవలసిన అవసరం ఆ ఇంట్లో లేకుండా పోయింది. "విజయవాడ తీసుకెళ్ళాం. చెవికి మిషను పెట్టారు. దగ్గరగా నిలబడి మాట్లాడితే కొంచెం అర్థమవుద్ది. పాట పెడితే మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుందంట. తీసి అవతల పెట్టేశారు. ఇంకెవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు."

నేను ఎదురుగా వెళ్ళి నిలబడితే గానీ బావ నన్ను చూడలేదు. చూసిన వెంటనే హెడ్‌ఫోన్లు తీశాడు. నా ముఖం చూడగానే అతనికి అర్థమైపోయింది.

"ఎక్కడ దొరికాను?" అన్నాడు.

ఫోన్లో టైపు చేసి చూపించాను. పడవ పాట కొత్తదానిలో లేదు.

"లేదా?" ఒక క్షణం తెల్లబోయి, నుదురు కొట్టుకుని నవ్వాడు. "అవున్లే, ఎందుకుంటుంది! అది మన గుడివాడోడు వేసింది కదూ. ఛ, లెక్కల మాస్టారు లెక్క తప్పాడు బావా." తర్వాత ముందుకు వంగి నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "సరే గానీ, కొత్తది ఎట్లా ఉంది? చెప్పు."

రాశాను. పాత గీతల చప్పుడు పూర్తిగా పోయిందనీ, వయొలిన్ ఎడమ వైపు, వీణ కుడి వైపు వినిపిస్తున్నాయనీ, లాలి మన క్యాసెట్టులో కంటే కొంచెం నిదానంగా నడుస్తోందనీ, అంటే గుడివాడ దుకాణంలో రికార్డే వేగంగా తిరిగి ఉండాలనీ రాశాను. బావ ఓపిగ్గా చదివాడు. ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఇవన్నీ కాదు. ఎట్లా ఉంది?"

నేను మళ్ళీ ఫోను పట్టుకున్నాను. లాలి నా చెవిలో ఉంది. ఆ గాయని ఒక్కొక్క మాటనూ ఎలా వదులుతుందో నాకు తెలుసు. తెలిసినదాన్ని చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. అతను నా వేళ్ళ వంక చూస్తూ చాలాసేపు ఎదురుచూశాడు. చెల్లెమ్మ కాఫీ తెచ్చిపెట్టి, మాకేసి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

"పోన్లే," అన్నాడు చివరికి. "ఒక పని చేసిపెట్టు. నన్ను బృందంలోంచి తీసెయ్."

నువ్వే బయటికి వెళ్ళిపోవచ్చు కదా అని రాశాను.

"నాయంతట నేను పోతే ఎందుకు పోయావని అందరూ ఫోన్లు చేస్తారు. ఎత్తలేను కదా. నర్సమ్మ గారైతే డాక్టర్ని వెంటబెట్టుకునే దిగుద్ది. అయ్యో పాపం అంటారు. అది నావల్ల కాదు. మనిద్దరం దెబ్బలాడుకుందాం. ఏదో పాట మీద. నేను నోరు జారతాను, నువ్వు కోపమొచ్చి తీసెయ్." హెడ్‌ఫోన్లు ఒళ్ళోకి తీసుకున్నాడు. "పాట మీద దెబ్బలాడి పోయాడంటే, పాట వినేవాడనే కదా బావా అర్థం?"

కాదనలేకపోయాను. ఆ వరండాలోనే కూర్చుని ఇద్దరం దెబ్బలాట తయారు చేశాం. ఆ గాయని రెండో ఆల్బమే గొప్పదని అతనంటాడు. మొదటిదాని ముందు అది నిలవదని నేనంటాను. అతను కొంచెం ఎగతాళి చేస్తాడు. నేను నియమాలు గుర్తు చేస్తాను. ఏ మాట తర్వాత ఏ మాటో అతనే చెప్పాడు. మధ్యలో తనకే నవ్వొచ్చి రెండుసార్లు ఆపాడు. అంత నవ్వడం చూసి చెల్లెమ్మ గుమ్మంలోకొచ్చి కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం అంతా అనుకున్న వరుసలోనే నడిచింది. చివర్లో అనుకోనిది ఒకటి వచ్చింది. ఈసారి అతను మాట్లాడలేదు, రాశాడు.

"నీకు పాట కొలవడం వచ్చు బావా, వినడం రాదు. గుడివాడ గదిలో నేను కళ్ళు మూసుకుని వింటుంటే నువ్వు గడియారం చూసేవాడివి."

అది మా తయారీలో లేదు. బృందంలో అందరూ చూస్తున్నారు. ఒప్పుకున్న ప్రకారం అతని పేరు మీద వేలు ఆనించి తీసేశాను.

"అదేంటండీ, ఇంత మాత్రానికేనా?" అన్నారు గిలకలదిండి ఆయన. "పెద్దవాళ్ళు, మీరే ఇలాగైతే ఎలాగండీ?"

ఆ తర్వాత ఇద్దరు నామీద కోపంతో బృందం వదిలి వెళ్ళిపోయారు. బావ చివరి మాట వేషమా నిజమా అన్నది నేను అతన్ని అడగలేదు. అడిగితే వేషమే అంటాడు. దాన్ని దేనితో సరిచూసుకోవాలి?

సంక్రాంతి వెళ్ళాక నర్సమ్మ గారు ఫోను చేశారు.

"అన్నయ్య గారూ, మీ ఇద్దర్నీ కలుపుదామని అందరం అనుకున్నాం. మా ఇంట్లోనే. ఏం మాట్లాడుకోనక్కర్లేదు. ఆ లాలి పాట ఒక్కటి పెడతాను, పక్కపక్కన కూర్చుని వినండి. కోపాలు అవే పోతాయి. మాస్టారిని తీసుకొచ్చే పూచీ నాది."

ఆవిడ మంచితనానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే జవాబు. "నేను రానండీ."

"మరీ ఇంత పట్టుదలేంటండీ?"

"రాను."

బావ ఈ ఏడు వర్షాలు మొదలైన రోజుల్లో నిద్రలోనే పోయాడు. ఇప్పుడు ఇదంతా రాయమన్నది చెల్లెమ్మే. తన ఒట్టు ఆయనతోనే తీరిపోయిందని అంది. ఇప్పటిదాకా బృందంలో ఎవరికీ అసలు సంగతి తెలియదు.

అతన్ని సాగనంపిన రోజు చర్చిలో కోయిర్ పాడింది. పై గొంతులు బాగానే ఉన్నాయి. అడుగున ఎవరూ లేరు. బెంచీ మీద నా పక్కనే కూర్చున్న నర్సమ్మ గారు పాట అయ్యేదాకా ఆగి, నా వైపు తిరగకుండానే అడిగారు.

"ఒక్క పాట కలిసి వినమన్నాను కదండీ మిమ్మల్ని. అంత బరువైపోయిందా?"

"అవునమ్మా," అన్నాను.

ఆవిడ లేచి, చీర కొంగు సర్దుకుని, ముందు బెంచీకి వెళ్ళి కూర్చున్నారు.